ముందు జీతాల వరుస రాయి

చిన్నీ,

ఉద్యోగం మానేసి, చెరువుల సంఘాలకీ చెట్ల సంఘాలకీ గ్రాంట్ ప్రపోజల్స్ రాసిపెట్టే పని మొదలుపెడుతున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ ఏడ్చింది కూడా. నాకైతే ఎంత గర్వంగా అనిపించిందో! అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ బెంగళూరులో ఇలాంటి సంఘాలకు ఏళ్ల తరబడి లెక్కలు రాసినదాన్ని కదా.

సంఘం నుంచి 12ఏ, 80జీ (ఆదాయపన్ను మినహాయింపు కాగితాలు), దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్‌లో ఇచ్చేది), ఆడిట్ రిపోర్టులు ముందే తెప్పించుకో. కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే, 2021 ఏప్రిల్ నుంచి సంఘానికి సీఎస్ఆర్-1 అనే ప్రభుత్వ నమోదు తప్పనిసరి. మన చిన్న సంఘాలైతే అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా చూపించాలి. నిన్న మొన్న పుట్టిన సంఘానికి లేనిపోని ఆశలు పెట్టకు. విదేశీ డబ్బు ఇంకా కష్టం, దానికి ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన దాంట్లోంచి చిన్నవాళ్లకు ఇవ్వడం 2020 సవరణతో ఆగిపోయింది. సొంత రిజిస్ట్రేషన్‌కు మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చూపాలి. రిటైరైనవాళ్లు నలుగురు చేరి చూసుకునే చెరువుకు అంత ఎక్కడిది?

నా భయం వేరే ఉంది. మా వైపు ఒక చెరువు సంఘానికి ఒక కంపెనీ డబ్బిస్తానంది. ఆ సెక్రటరీగారు ఎంత నిజాయితీపరుడంటే, బడ్జెట్‌లో మొక్కలు, వెదురు ట్రీగార్డులు, గుంతల కూలి అన్నీ రాసి, జీతం దగ్గర సున్నా పెట్టారు. "సేవకు జీతమేమిటమ్మా, అడిగితే నమ్మకం పోతుంది" అన్నారు. నీళ్లు పోసే కుర్రాడికి సభ్యులే చందాలేసుకుని ఇచ్చేవారు. చెక్కు మార్చిలో వచ్చింది, 31లోగా బిల్లులు పంపమన్నారు. ఆ ఎండల్లోనే కానుగ, నేరేడు నాటేశారు. చందాలు తగ్గాయి. ఏప్రిల్‌లో ఆ కుర్రాడు డెలివరీ పనిలో చేరిపోయాడు. ఇంట్లో తల్లి, చెల్లెలు ఉన్నారు, వాణ్ణి ఏమని తప్పుపడతాం? వానలు పడేసరికి ట్రీగార్డులు బాగానే ఉన్నాయి, లోపల ఎండుపుల్లలు. ఫొటోలు చూసిన కంపెనీ మళ్లీ పలకలేదు. తర్వాత సెక్రటరీగారు చెరువు వైపు నడకకు రావడమే మానేశారు. ఆయన ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అందుకే బడ్జెట్‌లో ముందు జీతాల వరుస రాయి. మొక్కకు కనీసం రెండు, మూడు వేసవులు దాటేదాకా మనిషి కావాలి. "కొనసాగే ప్రాజెక్టు"గా బోర్డు చేత ఆమోదం వేయించమని కంపెనీని అడుగు. అప్పుడు మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు, ఆ ఏడాది మిగిలిన డబ్బు ప్రత్యేక ఖాతాలో వేస్తారు. మార్చి హడావిడి తప్పుతుంది. చిన్న సంఘాలవాళ్లు మొహమాటపడి ఇది అడగరు. వాళ్ల తరఫున నువ్వు అడగాలి.

ఇక్కడ బెంగళూరులోనే ఉన్న జక్కూరు చెరువు ఒకసారి చూసి రా. శుద్ధి చేసిన మురుగునీరు ముందు జమ్ము పెరిగిన తడినేలలో నిలిచి, అప్పుడు చెరువులోకి వెళుతుంది. ఆ జమ్మును కోసి తీయకపోతే ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు. అలాంటి చోట ఎన్ని మొక్కలు నాటాం అని రాసి ఏం లాభం? కోసేవాళ్ల కూలి రాయాలి. చెరువు గట్టు ఎక్కకుండా ఒక్క పేజీ కూడా రాయకు తల్లీ.

ఇంకొకటి, ఇది తిట్టే అనుకో. వచ్చిన గ్రాంట్‌లో పర్సెంటేజీ తీసుకుంటానని ఎవరికైనా మాటిచ్చావా? వెంటనే వెనక్కి తీసుకో. ఇచ్చేవాళ్లు చెరువుకని ఇస్తారు. పర్సెంటేజీ ఉంటే అంకె పెంచాలని నీకే అనిపిస్తుంది. రాసే పనికి ఇంత అని ముందే చెప్పి తీసుకో, గ్రాంట్ వచ్చినా రాకపోయినా. అలాగని ఊరికే రాసిపెట్టకు. సున్నా నీ జీతం దగ్గర కూడా ఉండకూడదు.

రాజీనామా ఇచ్చేముందు ఆఫీసు ఇన్సూరెన్స్‌లో మీ నాన్న పేరుందేమో చూడు. ఆయనకసలే షుగరు. వేరే పాలసీ చేతికొచ్చాకే కాగితం పెట్టు. ఆదివారం నువ్వు ముందుగా రాసిపెట్టబోయే సంఘంవాళ్ల బడ్జెట్ షీటు పట్టుకుని ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ