క్యాలెండర్ మీది వాక్యం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దాంతోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. కథ సంగతి తర్వాత. ముందు ఉత్తరం చివర్లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్తాను. ఇల్లు వదిలి వచ్చాక బైబిల్ ముట్టుకోలేదన్నావు. తెరిస్తే మళ్ళీ ఆ భయంలో పడతానేమో, లేకపోతే కోపం ఇంకా పెరుగుతుందేమో అన్నావు. అయినా ఏ కథ మొదలుపెట్టినా అందులోకి అది వచ్చి కూర్చుంటోంది, ఏం చెయ్యమంటారు అని అడిగావు.

చదువు తల్లీ. చిన్నప్పుడు మన చేతికిచ్చింది వాక్యాలు. పుస్తకం నువ్వింకా చదవలేదు.

నేనూ అలాంటి కట్టుదిట్టమైన క్రైస్తవ ఇంట్లోనే పెరిగాను. సినిమా లేదు, పూలు లేవు, పక్కింటి పండగ ప్రసాదం లేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి చాప మీద వరసగా కూర్చుని ఒక్కొక్కరం ఒక్కో వచనం చదవాలి. నా వంతుకి ఏ వచనం వస్తుందో ముందే లెక్కపెట్టుకుని, దాన్నే మనసులో వల్లె వేసుకునేదాన్ని. తడబడితే నాన్న ఊరుకోరు. అవతలివాళ్ళు చదివేది చెవిన పడితే కదా! యోసేపుని అన్నలు గుంటలో తోసిన అధ్యాయం ఎన్నిసార్లు చదివామో. ఆ గుంటలో నీళ్ళు లేవనీ, తమ్ముణ్ణి అందులో పడేసి అన్నలు భోజనానికి కూర్చున్నారనీ మాత్రం పెద్దయ్యాకే చూశాను. కథంతా ఆ భోజనంలోనే ఉంది.

ఆ వచనాల అంకెలు రాసినవాళ్ళు వేసినవి కావు. ఇప్పుడు మనం చూసే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనకి ఇప్పటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేశాడు. అసలు రాసినవాళ్ళు కథ చెప్పారు, పాట కట్టారు, జాబు రాశారు. అందుకని నీ మొదటి పని ఇది. గీతలూ తారీకులూ లేని కొత్త కాపీ ఒకటి కొనుక్కో. రోజుకి మూడు అధ్యాయాల లెక్క పెట్టుకోకు. ఒక పుస్తకం ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున చదువు. యోనాతో మొదలుపెట్టు, నాలుగే అధ్యాయాలు. సండే స్కూల్లో చేప కక్కెయ్యగానే మనకి కథ అయిపోయేది. నాలుగో అధ్యాయంలో యోనా ఊరి బయట కూర్చుని, నీనెవె నాశనం కాలేదని దేవుడి మీద అలుగుతాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోతానంటాడు. నీకు ఆ చెట్టు మీద ఉన్న జాలి నాకు ఇంతమంది మనుషుల మీద, ఇన్ని పశువుల మీద ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు. పుస్తకం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు. కథని ఎక్కడ ఆపాలో నన్నడిగావు కదా, ఇది చదివాక మళ్ళీ అడుగు.

తర్వాత యోబు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉండు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన గుర్తుందిగా. పన్నెండు దాటాక ప్లేటులో వాగ్దానం కార్డులు తెస్తారు, కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ కార్డుల్లోనూ, గోడల మీదా, క్యాలెండర్ల మీదా ఎక్కువగా కనపడే వాక్యాల్లో ఒకటి యోబు 8:7. మొదట నీ స్థితి కొద్దిగా ఉన్నా చివరికి మహాభివృద్ధి పొందుతావు అని. నాకు అది నోటికొచ్చు, నీకూ వచ్చే ఉంటుంది. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో మనకెవరూ చెప్పలేదు.

అన్నది బిల్దదు. ఇల్లు కూలి యోబు పిల్లలు పదిమందీ చచ్చిపోయారు. ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్నాడు. పరామర్శకి వచ్చిన ఈ స్నేహితుడు, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్ళని శిక్షకి అప్పగించి ఉంటాడు అంటాడు. ఆ మాట అన్న నోటితోనే, మూడు వచనాలు దాటాక, మన క్యాలెండర్ మీది మాట! నువ్వు సరిగ్గా ఉంటే దేవుడు నీకు మంచి చేస్తాడులే అని. 42వ అధ్యాయంలో దేవుడే, నా కోపం నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా మండుతోంది, యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగ్గా పలకలేదు అని, పరామర్శకి వచ్చిన ఇంకో స్నేహితుడు ఎలీఫజుతో అంటాడు. పుట్టిన రోజునే శపించుకున్న యోబు సరిగ్గా పలికాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళు పలకలేదు. సణిగితేనే పాపం అని విని పెరిగిన మనకి ఇది ఎవరైనా చిన్నప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అయితే ఇక్కడితో ఆగకు. చివరికి యోబుకి అన్నీ రెండింతలు వచ్చాయి. బిల్దదు మాటే నిజమైంది. అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ రోజుల్లో మా అమ్మ ఆ వాక్యం పట్టుకునే నెట్టుకొచ్చింది. ఎవరన్న మాటైతేనేం, ఆవిడకి వచ్చిన ధైర్యం నిజం. కాబట్టి బిల్దదు సంగతి తెలిసింది కదా అని ఇంటికి వెళ్ళి మీ అమ్మగారి క్యాలెండర్ మీద వాదన పెట్టుకోకు. వాదనలో గెలవడానికి చదివేవాళ్ళు కూడా వచనాలే ఏరుకుంటారు. బిల్దదునీ మీ అమ్మనీ ఒకే కథలో, ఇద్దరికీ అన్యాయం చెయ్యకుండా పెట్టగలిగినప్పుడు నువ్వు రచయితవి.

ఇప్పుడు నీ కథ. సినిమా టికెట్ దొరికినందుకు నాన్న బెల్టు తీస్తాడు. ఆ దెబ్బలు నిజమని చదువుతుంటేనే తెలుస్తోంది. నీ బాధని తగ్గించి రాయమని నేను అనను. కానీ ఆ నాన్నకి నువ్వు ఒక్క మాట కూడా ఇవ్వలేదు, కేకలు తప్ప. న్యాయాధిపతులు 11 చదువు. యుద్ధం గెలిస్తే తన ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చేదాన్ని బలి ఇస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు. తంబురలతో నాట్యం చేస్తూ ఒక్కగానొక్క కూతురు ఎదురొచ్చింది. బట్టలు చింపుకుని, అయ్యో తల్లీ, నన్ను కుంగదీశావే అన్నాడు. మొక్కుకున్నది తను, నెపం కూతురి మీద. ఆ ఒక్క మాటతో మనిషంతా బయటపడ్డాడు. రాసినవాడు ఆయన్ని తిట్టలేదు, పొగడలేదు. కొడుకుని బలి ఇవ్వబోయిన అబ్రాహాము చెయ్యి ఆపిన దేవదూత ఇక్కడికి రాలేదు. కొత్త నిబంధనలో హెబ్రీ పత్రిక అనే జాబు 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల వరసలో యెఫ్తా పేరుంది. కూతురికి ఎక్కడా పేరే లేదు. ఏటా నాలుగు రోజులు ఇశ్రాయేలు ఆడపిల్లలు ఆమెను తలుచుకునేవాళ్ళని మాత్రం రాసిపెట్టారు. దీన్ని మనకి బోధించకుండా దాటేశారు గానీ, పుస్తకం దాచలేదమ్మా.

మీ తాతలది ఒంగోలు పక్కన పల్లె అన్నావు. 1876-78 కరువు సంగతి తెలుసుకో. ఆ కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. బడి గడప తొక్కనివ్వని ఊళ్ళలో చాలా ఇళ్ళకి మొదట వచ్చిన పుస్తకం బైబిల్. తాగుడు మానడం, శుభ్రమైన బట్ట కట్టడం, ఎవరూ వేలెత్తి చూపకుండా బతకడం వాళ్ళకి మర్యాద కోసం చేసిన పోరాటం. ఆ కట్టుబాటే తరాలు గడిచాక నీ కథలో బెల్టు అయింది. అదెలా జరిగిందో రాస్తే, అది మీ నాన్నని క్షమించడమూ కాదు, శిక్షించడమూ కాదు. జాషువా గారిని కూడా చదువు. కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురంపిన కవే క్రీస్తు చరిత్ర రాశారు, దానికే 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

లోకాంతం గురించి చెప్పే చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం, ఇప్పుడే వద్దు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే క్రీస్తు రెండో రాకడ వచ్చేసిందనీ, నన్నొక్కదాన్నే వదిలేసి అందరూ ఆకాశానికి ఎత్తబడ్డారనీ గుమ్మంలో ఏడ్చినవాళ్ళం మనం. ఆ టెన్షన్ ఒక పట్టాన పోదు. ఏ పేజీ దగ్గరైనా గుండె దడ మొదలైతే పుస్తకం మూసి లేచిపో, వారం ఆగి రా. చదవడం పాపానికి పరిహారం కాదు, మానడం తిరుగుబాటూ కాదు. నమ్మకం తిరిగి వస్తుందా, పూర్తిగా పోతుందా అన్నది నీ సొంత విషయం. అందులో నేను వేలు పెట్టను.

కథని నాన్న బెల్టు తీసే చోట మొదలుపెట్టకు. దానికి ముందు తెల్లవారుజామున ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడని నువ్వే ఒక వాక్యంలో రాసి దాటేశావు. ఒకే గది ఇల్లు కదా, నీ పేరు పెట్టి ఆయన ఏం అడిగేవాడో నీకు వినపడే ఉంటుంది. అక్కణ్ణించి మళ్ళీ రాయి. సంక్రాంతి లోపు పంపితే కూర్చుని చదివి, అక్కడక్కడా గుర్తులు పెట్టి తిప్పి పంపిస్తాను.