ఆ పిల్లాడు తర్వాత ఏమన్నాడు?

తమ్ముడూ,

రిటైరైన ఫ్రెంచ్ టీచరమ్మ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఆవిడ ఉద్యోగంలో చేరిన ఏడాది ఉంది, బదిలీలున్నాయి, అవార్డులున్నాయి, వీడ్కోలు సభలో ఎవరెవరు మాట్లాడారో కూడా ఉంది. ఆవిడ పాఠం ఎలా చెప్పేవారో మాత్రం ఒక్కచోటే ఉంది. ఈ జవాబు దానికోసమే.

ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగం, ‘లా తాబ్ల్’ అనాలి. ఒక పిల్లాడు దాన్ని పుంలింగం చేసి ‘లె తాబ్ల్’ అన్నాడు. ఆవిడ తప్పనకుండా, ‘లా తాబ్ల్’ అని తన వాక్యంలో కలిపేసి మాట కొనసాగించారు. అక్కడ ఆగాల్సిన నువ్వు ‘ఆవిడ ఓర్పు వర్ణనాతీతం’ అని రాసి నేరుగా సన్మానానికి వెళ్లిపోయావు. వర్ణించలేనప్పుడు మనం రాయడం ఎందుకు? ఓర్పు సంగతి నాకు వదిలెయ్. ఆ పిల్లాడు తర్వాత ఏమన్నాడు?

లిస్టర్, రాంటా అనే పరిశోధకులు కెనడాలో, పిల్లలు ఫ్రెంచిలోనే చదువుకునే తరగతులను గమనించి, 1997లో ఆ అధ్యయనం ప్రచురించారు. అక్కడి టీచర్లు అన్నిటికన్నా ఎక్కువగా చేసింది మీ టీచరమ్మ చేసినదే. కానీ పిల్లలు తమ తప్పు తామే దిద్దుకోవడం అలా చెప్పినప్పుడే బాగా తక్కువ. టీచరు తన మాటకు ఊకొడుతున్నారో, దిద్దుతున్నారో పిల్లాడికి తెలియకపోవచ్చు. మరి మీ టీచరమ్మ ఏం చేసేవారు? ‘లా’ని కాస్త ఒత్తి పలికేవారా? మళ్లీ అనిపించేవారా? సిగ్గుపడే పిల్లల్ని వదిలేసి, గడుసువాళ్లను ఆపేవారా? ఆవిడ విద్యంతా అక్కడుంది తమ్ముడూ, శాలువాలో లేదు.

ఆవిడ 1970లలో చేరారని రాశావు. ఫ్రెంచికి అప్పట్లో టేపు వినిపిస్తూ, ఫిల్మ్‌స్ట్రిప్ బొమ్మలు చూపిస్తూ, మొదట్లో అచ్చు అక్షరం కంటబడనివ్వకుండా నేర్పే పద్ధతి ఒకటి ఉండేది. తర్వాత దారి అడగడం, క్షమాపణ చెప్పడం లాంటి అవసరాల చుట్టూ పాఠాలు అల్లడం వచ్చింది. 1985లో ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చి పట్టా ఇచ్చే డెల్ఫ్ పరీక్షలు పుట్టాయి. 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ భాష ఎంత వచ్చో చెప్పడానికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు పెట్టింది. తరగతి తలుపు వేసుకున్నాక ఆవిడ వీటిలో దేన్ని పాటించారు, దేన్ని పక్కన పెట్టారు? నువ్వు ‘సుదీర్ఘ సేవ’ అని రెండు మాటల్లో దాటేశావు.

ఈ విషయంలో నా కోపం పాతది. కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక లెక్కల మాస్టారి గురించి రాశాను. భిన్నాలు అర్థంకాని పిల్లలకు ఆయన కాగితం మడిచి చూపేవారు. ఆయన ఎదురుగా కూర్చుని ఆ మడతలు నేర్చుకుని మరీ రాశాను. ఒక సంపాదకుడు మడతలన్నీ కొట్టేసి, మాస్టారి పేదరికం, కన్నీళ్లు ఉంచి అచ్చేశాడు. ‘పాఠకుడికి స్ఫూర్తి కావాలి’ అన్నాడు. ఆయన ఏడిచారని అందరికీ తెలిసింది, ఏం నేర్పారో ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ అదే ఫ్యాషన్. టీచరంటే త్యాగమూర్తి, అంతే. ఆ పనిలో ఎంత ఆలోచన ఉందో ఎవరికీ పట్టదు. నువ్వు కూడా అటే నడుస్తుంటే నాకు బాధేసింది.

కలం పేరు గురించి, పోటీల గురించి అడిగావు. అవి ఇంకెప్పుడైనా.

ముందు ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లు. పాత పాఠాల నోట్సు దాచారేమో అడుగు. నీకే ఒక పాఠం చెప్పమను. నీకెలాగూ ఫ్రెంచ్ రాదు కాబట్టి తప్పులు వాటంతటవే దొర్లుతాయి. ఆవిడ ఎక్కడ ఆపుతారో, ఎక్కడ చూసీచూడనట్టు వదిలేస్తారో రాసుకో. ఆ పేజీలు నాకు పంపు. వీడ్కోలు సభ ఎంత ఉంచాలో అప్పుడు చూద్దాం.