కొవర్జొవిత్స్ మీద నీ కోపం చూశాక

చిరంజీవి అమ్మాయికి,

బ్రనో నుంచి నువ్వు పంపిన కాయితాలు అందాయి. మొత్తం చదివాను. మనవాళ్లెవరూ పేరు కూడా వినని ఒక చెక్ ఆపెరా కండక్టర్ గురించి తెలుగులో రాయాలని నీకు బుద్ధి పుట్టినందుకు సంతోషం. మెచ్చుకోలు ఇంతటితో సరి. మిగతాది కోపం చల్లారకముందే రాసేస్తాను.

నాకు మంటెక్కించింది నీ పదకొండో పేజీ. "ఒక మేధావిని పన్నెండేళ్లు గుమ్మం బయట నిలబెట్టిన అసూయాపరుడు కారెల్ కొవర్జొవిత్స్" అన్నావు. ఆ మేధావి నీ సంగీతకర్త యానాచెక్, ఆ గుమ్మం ప్రాగ్ నేషనల్ థియేటర్‌ది. సరే. అంతకు ముందు పది పేజీల్లో ఏం చెప్పావు? 1862లో ప్రాగ్‌లో పుట్టాడు, ఫిబిఖ్ దగ్గర సంగీత రచన నేర్చాడు, బ్రనోలోనూ ప్ల్జెన్‌లోనూ కొన్నాళ్లు కండక్టరుగా ఉన్నాడు, 1898లో 'ప్సొహ్లావ్త్సి' అనే సొంత ఆపెరాతో పేరు తెచ్చుకున్నాడు, 1900లో నేషనల్ థియేటర్ ఆపెరాకి పెద్ద అయ్యాడు, 1920 డిసెంబరులో చనిపోయాడు. పెళ్లిసంబంధానికి పంపే బయోడేటాలో కూడా ఇంతకంటే ఎక్కువ సంగతులుంటాయమ్మా. ఆ ఇరవయ్యేళ్లూ ఆయన పొద్దున్న లేచి ఏం చేసేవాడు? ఆ ఊసే లేదు. ఏం పనిచేశాడో చెప్పకుండా అసూయాపరుడంటే నేనెందుకు నమ్మాలి?

నాది ఒకటే పిచ్చి. నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పి విసిగిస్తాను. మనిషి చేసే పని తెలియకుండా ఆ మనిషి గురించి రాయొద్దు. చేనేత కార్మికుడి కథ రాసి మగ్గం రాయనివాళ్లున్నారు. డాక్టరు కథలో డాక్టరు కిటికీలోంచి వాన చూస్తూనే ఉంటాడు, ఒక్క రోగి నాడి పట్టుకోడు. ఈమధ్య మన పత్రికల నిండా ఇదే వాన. నువ్వూ "1916 మే 26. ప్రాగ్ నగరం ఊపిరి బిగబట్టింది" అని మొదలుపెట్టావు. యానాచెక్ ఆపెరా 'యెనూఫా' ప్రాగ్‌లో మొదటిసారి వేదికెక్కిన రోజు, నిజమే. కానీ అప్పుడు యుద్ధం జరుగుతోంది తల్లీ. ఆస్ట్రియా-హంగరీ సైన్యంలోకి కుర్రాళ్లని లాక్కుపోతున్న రోజులు. నగరం ఊపిరి బిగబడితే దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి.

మా మేనమామ పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. చీపురుపల్లి, బొబ్బిలి చుట్టుపక్కల ఏ ఊళ్లో నాటకమైనా ఆయన వెనకే పెట్టె మోసుకుంటూ నేనూ పోయేవాణ్ణి. జనానికి రాజు వేషగాడే కనిపిస్తాడు. ఆ రాజు రాగం ఎత్తుకున్నాక ఎక్కడ ఊపిరి ఆగిపోతుందో, రెండోసారి పాడమని కేకలేస్తే ఎక్కడినుంచి మళ్లీ అందుకోవాలో, తాగొచ్చినవాడిని శ్రుతిలోకి ఎలా లాక్కురావాలో, అదంతా పక్కన కూర్చున్న మా మామ చేతిలో ఉండేది. ఆయన చూపు ఎప్పుడూ మెట్ల మీద ఉండేది కాదు, పాడేవాడి గొంతు మీద ఉండేది. నేను రాసిన మొదటి పనికొచ్చే కథ ఆ చూపు గురించే. దాన్ని తిప్పి పంపినవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు నీ కాయితాల్లో నన్ను పట్టుకున్న చోటికి వస్తాను. ముప్పయ్యో పేజీలో, కథకి సంబంధం లేనట్టుగా, నువ్వు ప్రాగ్ నేషనల్ థియేటర్ పై బాల్కనీలో కూర్చుని కింద వాయిద్యగాళ్లు కూర్చునే పిట్‌లో హార్ప్ వాయించే ఆవిడని చూసిన పేరా ఉంది. అందరికంటే ముందొచ్చి తీగలు సరిచూసుకోవడం, తర్వాత చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కపెడుతూ కూర్చోవడం, ఉన్నట్టుండి నాలుగు స్వరాలు మీటి మళ్లీ ఊరుకోవడం. ఇది చదివి లేచి కూర్చున్నాను. కొవర్జొవిత్స్ కుర్రతనంలో అదే థియేటర్ ఆర్కెస్ట్రాలో హార్ప్ వాయించాడు, 1885 దాకా! ఈ సంగతి నీ మూడో పేజీలో అర వాక్యంలో ఉంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎందుకు కలుసుకోలేదు?

ఆలోచించు. 1881 జూన్‌లో స్మెతనా ఆపెరా 'లిబుషె'తో ఆ థియేటర్ తెరిచారు. ఆగస్టులో తగలబడింది. జనం చందాలేసుకుని మళ్లీ కట్టుకుంటే 1883 నవంబరులో మళ్లీ 'లిబుషె'తోనే తెరిచారు. ఆ ఏళ్లన్నీ ఈ కుర్రాడు ఆ వాయిద్యగాళ్లలో ఒకడు. హార్ప్ వాయించేవాడికి తీరిక ఎక్కువ. వాయించని సేపంతా తక్కినవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో, పైన పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో వింటూ కూర్చోవాలి. కండక్టరుకి అంతకంటే మంచి బడి ఏముంటుంది? నేనైతే పది పేజీలు అక్కడే ఉండిపోయేవాణ్ణి.

ఆ తర్వాత 1901. దీన్ని నువ్వు అసలు ముట్టుకోలేదు, అదే ఆశ్చర్యం. అధికారం చేతికొచ్చిన మరుసటి ఏడాదే ఆర్కెస్ట్రా సమ్మెకి దిగింది. సమ్మె చేసినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఒకప్పుడు వాళ్ల మధ్య కూర్చున్న మనిషే ఇప్పుడు వాళ్లకి పైవాడు. బయటికి పోయినవాళ్లు చెదిరిపోలేదు. చెలాన్‌స్కీ అనే కండక్టర్ని ముందు పెట్టుకుని సొంతంగా నిలబడ్డారు. ఇవాళ ప్రపంచమంతా చెక్ ఫిల్హార్మోనిక్ అని పిలిచేది ఆ ఆర్కెస్ట్రానే. 1896లో సంగీతకర్త ద్వోర్జాక్ చేతి కింద ఆ పేరుతో మొదటి కచేరీ జరిగినప్పుడు అది థియేటర్ ఆర్కెస్ట్రాయే, స్వతంత్రం వచ్చింది మాత్రం ఈ సమ్మెతోనే. ఒక మొండి మనిషి వల్ల ఒక దేశానికి రెండో గొప్ప ఆర్కెస్ట్రా దక్కింది. దుర్మార్గం కావాలంటే ఇక్కడ వెతుక్కో, దొరుకుతుంది. కానీ అదే ఏడాది మార్చి 31న ద్వోర్జాక్ ఆపెరా 'రుసాల్కా' మొట్టమొదటిసారి వేదిక ఎక్కింది కూడా ఈయన చేతి మీదుగానే. రాకుమారుడి పాత్ర పాడాల్సిన బురియన్ చివరి ఘడియలో తప్పుకుంటే ప్టాక్ వచ్చి పాడాడు. అలాంటి సాయంత్రం కండక్టర్ కుడిచెయ్యి ఏం చేస్తుంది, ఎడమచెయ్యి ఏం చేస్తుంది? రాయి. అసూయ సంగతి ఆ తర్వాత.

ఇక యానాచెక్. ఆయనంటే నీకు ప్రాణం. ఆయన ఊళ్లోనే ఉంటున్నావు కాబట్టి అర్థం చేసుకోగలను. 1887లో కొవర్జొవిత్స్ ఆపెరా 'జెనిఖొవే'ని యానాచెక్ తన పత్రికలో వెటకారంగా ఉతికేశాడు, ఆ పగతోనే 1903లో 'యెనూఫా'ని ప్రాగ్ తిప్పి పంపింది, అని కథ కట్టేశావు. పగ ఉండొచ్చు. తిట్టు తిన్నవాడు మర్చిపోతాడని నేను అనను. నన్ను తిట్టిన సమీక్షలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ రాతప్రతిని కొవర్జొవిత్స్ బల్ల మీద పెట్టి చూడు. పద్యం కాదు, వచనం. మీ బ్రనో ఉన్న మొరావియా ప్రాంతపు పల్లెటూరి మాట. సంతలో ఆడవాళ్లు ఏ స్వరంలో బేరమాడతారో, రైలు స్టేషన్లో ఏ స్వరంలో పలకరించుకుంటారో నోటుపుస్తకాల్లో స్వరపరుచుకున్న మనిషి రాసింది. 1903 ఫిబ్రవరిలో కూతురు ఓల్గా చనిపోతుంటే ఆమె చివరి మాటల స్వరాలు కూడా రాసుకున్నాడు. చిన్న చిన్న ముక్కలు, అవే మళ్లీ మళ్లీ, గరుకుగా, తెగినట్టుగా. స్మెతనా, ద్వోర్జాక్‌ల పొడుగు రాగాలతో చెవి తయారైన ప్రాగ్ కండక్టరుకి అవి తప్పుల్లాగే వినిపించి ఉంటాయి. దీన్ని చెవి పరిమితి అను, ఒప్పుకుంటాను. అసూయ అని మూడక్షరాలు పెట్టేసి తప్పించుకోకు.

బ్రనోలో 1904 జనవరి 21న 'యెనూఫా'ని, చిన్న ఆర్కెస్ట్రాతో, యానాచెక్ శిష్యుడు హ్రజ్దిరా నడిపాడు. ప్రాగ్ తలుపు తెరుచుకోడానికి మారియె కల్మా-వెసెలా అనే గాయని, ఆమె భర్త వెంటపడాల్సి వచ్చింది. చివరికి కొవర్జొవిత్స్ సరేనన్నాడు, నేను దిద్దుతానన్న షరతు మీద. దిద్దాడు. కొన్ని చోట్ల కోశాడు, వాయిద్యాలు మార్చాడు, చివరి దృశ్యంలో హార్న్‌లూ ట్రంపెట్‌లూ ఒకదాని వెనక ఒకటి పలికేలా మెరుగుపెట్టాడు.

ఇక్కడికొచ్చేసరికి నాకు రక్తం మరిగిపోతుందమ్మా. నీకంటే ఎక్కువ. మా మామ కథని మొదటి వారపత్రిక "చదివించే గుణం లేదు" అని తిప్పి పంపింది. రెండోది వేసుకుంది. పుస్తకం చేతికొచ్చాక చూస్తే, మా మామ నాతో "ఒరే గుంటడా, ఆడు రాగం ఒగ్గడు, మనవే ఒగ్గించాల" అన్నది "ఒరే బాబూ, వాడు రాగం వదలడు, మనమే వదిలించాలి" అయి కూర్చుంది. కథంతా అంతే. మా మామకి ఇస్త్రీ చొక్కా తొడిగి కుర్చీలో కూచోబెట్టారు. అడిగితే ఆ సంపాదకుడు, "అన్ని జిల్లాలవాళ్లకీ అర్థం కావాలి కదండీ" అన్నాడు. ఆ కథకే నాకు పేరొచ్చింది. ఇప్పటికీ సంకలనాల్లో అదే ప్రతి వేస్తున్నారు. అసలు ప్రతి వేయమని ఎంత మొత్తుకున్నా వినిపించుకున్నవాడు లేడు.

కాబట్టి కొవర్జొవిత్స్‌ని తిట్టే హక్కు నాకుంది. అయినా ఆయన దిద్దిన 'యెనూఫా'యే 1916లో ప్రాగ్‌ని గెలిచింది. అప్పటికి యానాచెక్‌కి అరవై రెండు నిండబోతున్నాయి. దాన్నే రచయిత మాక్స్ బ్రోడ్ జర్మన్‌లోకి తెచ్చాడు, 1918లో వియన్నాలో మరియా యెరిత్సా పాడింది, 1924లో న్యూయార్క్ చేరింది. ఆ ప్రాగ్ రాత్రి లేకపోతే ఆ ముసలాయన తర్వాతి ఆపెరాల్లో ఎన్ని రాసేవాడో చెప్పు. తలుపు తెరిచిన చెయ్యీ గీతలు గీసిన చెయ్యీ ఒకటే. నీ పదకొండో పేజీ ఈ రెండో చేతినే చూసింది.

1982లో కండక్టర్ మాకెరాస్ వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన 'యెనూఫా' రికార్డింగ్ విను. యానాచెక్ రాసినట్టే వాయించి, కొవర్జొవిత్స్ ముగింపుని చివర్లో విడిగా చేర్చాడు. రెండూ వరసగా విను, ఒకటికి నాలుగుసార్లు. ఎక్కడ ఎవరి చెయ్యి ఉందో చెవికి తెలియాలి. నాకు మొదటిసారి ఆ మెరుగుపెట్టినదే బాగుందనిపించింది, ఏడ్చినంత పనైంది కూడా. అదెందుకో నీకు నువ్వు చెప్పుకోగలిగిన రోజున ఆయన గురించి రాయడానికి కూర్చో.

ఏ ప్రచురణకర్తకి పంపాలని అడిగావు. ఇప్పుడే ఎవరికీ వద్దు. కలం పేరు గురించి నా దగ్గర అభిప్రాయమేమీ లేదు.

ముందు సమ్మె భాగం ఒక్కటీ రాయి. నువ్వున్న చోటే రోజూ సాధన జరుగుతుంది. థియేటర్ వాళ్లని బతిమాలి ఒక పూట లోపల కూర్చో. కండక్టర్ ఎన్నిసార్లు ఆపుతాడు, ఆపినప్పుడు ఏం చెబుతాడు, వయొలిన్లవాళ్లు మొహాలు ఎలా పెడతారు, జీతాల మాట ఎవరు ముందు ఎత్తుతారు, అన్నీ చూసుకో. రాశాక ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు