సూట్‌కేసులో యాసిడ్ సీసా

మొన్న సెలవుల్లో తిరుపతిలో ఉండగా పక్కింటి వదిన పిలిచింది. వాళ్లమ్మాయికి కొత్తగా పెళ్లయింది, అల్లుడు ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉద్యోగం, వారంలో ప్రయాణం. నేను 18 ఏళ్లుగా ఆ చుట్టుపక్కలే ఉంటున్నాను కాబట్టి ఒకసారి సూట్‌కేసు నాకు చూపిస్తే నిశ్చింత అని ఆవిడ ఉద్దేశం. తెరిచి చూస్తే ఊరగాయలు, కందిపొడి, మురుకులు. అడుగున పాత చీరలో చుట్టి రెండు యాసిడ్ సీసాలు, ఒక ఫినాయిల్.

"అక్కడ బాత్రూము కడగడానికి ఏం దొరుకుతాయో ఏమో అని అమ్మ పెట్టింది అత్తా" అంది పిల్ల నవ్వుతూ.

ముందు యాసిడ్ తీయించాను. అది చేతి సంచిలోనే కాదు, చెకిన్ సామానులో కూడా పనికిరాదు. అప్పుడు పిల్ల అసలు సందేహం అడిగింది. ప్లాస్టిక్ సీసాలు కొనకుండా, ఘాటు మందులు వాడకుండా ఇల్లు నడపాలని ఉందట. ఏవి కొనాలి? కొత్తగా వచ్చినవాళ్లు ఇదే ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏం కొనాలన్నది తర్వాత సంగతి. ముందు అక్కడి బాత్రూము ఎట్లా ఉంటుందో తెలియాలి. నేలకు తూము ఉండదు. షవర్ కిందో, టబ్బులోనో తప్ప ఎక్కడా నీళ్లు పోవు. నేను వెళ్లిన మొదటి చలికాలంలో, మేడమీద అద్దె ఇల్లు, శుక్రవారం కదా అని నాలుగు జగ్గుల నీళ్లు నేల మీద పోసి చీపురుతో రుద్దాను. మరుసటి రోజు పొద్దున కింద ఇంటాయన తలుపు కొట్టాడు. వాళ్ల వంటింటి సీలింగ్ మీద దోసె అంత తడి మరక. దాని రిపేరు ఖర్చు మా అడ్వాన్సులోంచి పోయింది. ఆ బాత్రూములు తుడిచేవి, కడిగేవి కావు. ఇది అలవాటైతే సగం మందుల అవసరమే ఉండదు. స్నానం కాగానే చిన్న వైపర్‌తో షవర్ అద్దం మీది నీళ్లు లాగేసి, కాసేపు ఫ్యాన్ వేస్తే వారమంతా పెద్ద పని ఉండదు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది కదా, లండన్, రెడింగ్ ప్రాంతాల్లోనూ అదే కథ. అక్కడి నీళ్లు సుద్దరాతి పొరల్లోంచి వస్తాయి, అందులో కాల్షియం ఎక్కువ. కుళాయి మూతి, షవర్ చిల్లులు, కెటిల్ అడుగు అన్నీ తెల్లబడతాయి. అదే మాంచెస్టర్‌లో కాపురం పెడితే అదృష్టవంతులే, అక్కడికి కొండల్లోని సరస్సుల నీళ్లు వస్తాయి, గార పెద్దగా ఉండదు. నీళ్ల కంపెనీ వెబ్‌సైట్లో మీ పోస్ట్‌కోడ్ కొడితే గార కట్టే కాల్షియం కార్బొనేట్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. 200 దాటిందంటే గార గురించి ఆలోచించాల్సిందే.

ఆ గారకు మందు మన వంటింట్లోనే ఉంది. ఇత్తడి చెంబును చింతపండుతో ఎందుకు తోముతాం? పులుపు మరకను కరిగిస్తుంది. గార కూడా పులుపుకే లొంగుతుంది. అక్కడ సిట్రిక్ యాసిడ్ అని అమ్మేది మన నిమ్మ ఉప్పే. కాగితం సంచిలోనో అట్టపెట్టెలోనో కిలో దొరుకుతుంది, నెలల తరబడి వస్తుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలిపి, ఖాళీ అయిన పాత స్ప్రే సీసాలో పోసుకోండి. (దీనికోసం అందమైన గాజు సీసా కొత్తగా కొనకండి, ఇంట్లో ఉన్నది అరిగేదాకా వాడడమే మేలు.) కుళాయి మీద కొట్టి పది నిమిషాలాగి తుడిచేయండి. షవర్ తల ఊడదీసి గిన్నెలో ఆ నీళ్లు పోసి ముంచితే మూసుకుపోయిన చిల్లులు తెరుచుకుంటాయి. టాయిలెట్‌లో రాత్రి మూడు చెంచాల పొడి చల్లి పొద్దున బ్రష్‌తో రుద్దితే సరి. పాలరాయి ఉన్నచోట మాత్రం వాడకండి, గారను తిన్నట్టే రాయినీ తింటుంది. ఆ సీసా మీద తెలుగులో పెద్దక్షరాలతో పేరు రాయండి. మంచినీళ్లనుకుని ఎవరైనా గ్లాసులో పోసుకునే ప్రమాదముంది.

జిడ్డుకు పులుపు పనిచేయదు, సోడా కావాలి. సోడా క్రిస్టల్స్ అంటే మన చాకలి సోడా, బైకార్బ్ అంటే వంటసోడా. సింకు గిన్నె రుద్దడానికి వంటసోడా చాలు. చాకలి సోడా వేడినీళ్లలో కలిపి తూములో పోస్తే జిడ్డు కదులుతుంది. తూములో వెంట్రుకలు అడ్డుపడితే మాత్రం ఏ సోడా పనిచేయదు, వంచిన తీగతో లాగాల్సిందే. ఇంకొకటి, సోడా, వెనిగర్ కలిపి బుసబుస పొంగించే వీడియోలు చూసి మోసపోకండి. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది కాస్త ఉప్పగా ఉన్న నీళ్లే. విడివిడిగా వాడితేనే పని.

కలపకూడనిది ఇంకొకటి ఉంది, ఇది ప్రాణం మీది మాట. బ్లీచు మీద ఏ పులుపూ పడకూడదు. వెళ్లిన కొత్తలో నలుగురం కలిసున్న ఇంట్లో, నేను టాయిలెట్‌లో యాసిడ్ వేసి ఉంచిన సంగతి తెలియక ఇంకో అమ్మాయి పైనుంచి బ్లీచు పోసింది. ఘాటుకు దగ్గు ఆగక ఇద్దరం మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాం. వచ్చింది క్లోరిన్ వాయువు. నిమ్మ ఉప్పు సహజమైనదే కదా అనుకోకండి, బ్లీచుతో కలిస్తే అదీ అంతే. కలిసి ఉండే ఇళ్లలో టాయిలెట్ తలుపు మీద ఒక చీటీ అంటించి పెట్టండి.

చలికాలంలో టైల్స్ సందుల్లో నల్ల బూజు వస్తుంది, మనకు తిరుపతిలో అంతగా తెలియని బాధ అది. కిటికీలు మూసి, వేడినీళ్ల ఆవిరి లోపలే ఉంచితే బూజు రాక ఏం చేస్తుంది? సోడియం పర్‌కార్బనేట్ అనే పొడిని వేడినీళ్లతో ముద్ద చేసి పూసి, అరగంటాగి రుద్దండి. చేతికి గ్లవుజులు వేసుకోండి. కలిపిన ముద్ద మిగిలితే పారబోయాలి, మూత బిగించి దాచారంటే లోపల గ్యాసు పుట్టి సీసా పగిలిపోతుంది.

ఇక షాపుల్లో ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి అమ్మేవాటి సంగతి. ఆ ఆకు బొమ్మకు విలువేమీ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. 1992 నుంచి ఉన్న ఈయూ (యూరోపియన్ యూనియన్) ఎకోలేబుల్ పువ్వు గుర్తు లాంటిది ఉంటే కనీసం ఎవరో పరీక్షించారని అర్థం. నీళ్లలో వేస్తే కరిగే బిళ్లలు ఇప్పుడు ఫ్యాషన్. అట్టపెట్టెలో పొడి బిళ్ల అయితే మంచిదే, ఖాళీ సీసా మళ్లీ వాడుకోవచ్చు. మెరిసే పలుచని పొరలో చుట్టిన పాడ్స్ అంటే నాకు అనుమానం. ఆ పొర పీవీఏ, అదీ ఫ్యాక్టరీలో తయారైన, ప్లాస్టిక్ జాతి పాలిమరే. నీళ్లలో కరగడం వేరు, కుళ్లి మట్టిలో కలవడం వేరు. రుద్దితే మాయమయ్యే తెల్ల స్పాంజీలు కూడా అంతే, మెలమిన్ ప్లాస్టిక్ పొడై తూములోకి పోతుంది. దాని బదులు మన బీరపీచు ఉంది, అక్కడ లూఫా పేరుతో అమ్ముతారు. మనవాళ్లు దొడ్లో పాదు నుంచి కోసుకునేదాన్ని నేను పౌండ్లు పోసి కొన్నాను, ఏం చేస్తాం. కుంకుడుకాయలు కూడా గుడ్డ సంచుల్లో కనిపిస్తాయి, తలకు బాగుంటాయి గానీ గార మీద వాటి ప్రతాపం ఏమీ లేదు, డబ్బు దండగ.

తడి వైప్స్ అసలు కొనకండి. పొట్లం మీద ఏం రాసి ఉన్నా టాయిలెట్‌లో వేయకండి. 2017లో లండన్ వైట్‌చాపెల్ దగ్గర మురుగు కాలువలో కొవ్వు, వైప్స్ కలిసి గట్టిపడిన ముద్ద దొరికింది, 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. పాత లుంగీ ముక్కలు నాలుగు పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇదంతా చెబుతుంటే పిల్ల ఫోన్‌లో రాసుకుంటోంది. వదిన మాత్రం ఫినాయిల్ సీసా చేతిలోంచి వదల్లేదు. "అంతా బాగుంది గానీ, వాసనే రాకపోతే కడిగినట్టు ఎట్లా తెలుస్తుంది?" అంది. నాకూ మొదట్లో అట్లాగే ఉండేది వదినా, రెండు నెలలకు పోయింది అన్నాను. ఆవిడ నమ్మలేదు. సీసా తీసుకెళ్లి తన బాత్రూములో పెట్టుకుంది, ఖాళీ అయిన చోట ఇంకో కిలో కందిపొడి సర్దింది.