వేగు చూసేవాడా, పసిగట్టేవాడా?

సందేహం: మాది బొబ్బిలి. 1757 బొబ్బిలి యుద్ధం ముగిసిన తర్వాతి రోజుల్లో నడిచే ఒక డిటెక్టివ్ నవల రాస్తున్నాను. విజయనగరం రాజు విజయరామరాజు హత్య జరిగిన రాత్రి ఆయన డేరాకు కాపలా ఉన్న బంటు ఒకడు పదిరోజుల తర్వాత చెరువులో శవమై తేలతాడు. ఈ బంటు నా కల్పన. ఆ చావు వెనక ఎవరున్నారో తేల్చే నా కథానాయకుణ్ణి ఏమనాలి? ‘అపరాధ పరిశోధకుడు’ అనవచ్చా? ‘గూఢచారి’ సరిపోతుందా? మా మాస్టారు ‘వేగు’ అనమన్నారు. వేగంగా వెళ్ళి వార్త తెచ్చేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందట. నిజమేనా? మొదటి అధ్యాయం జతచేశాను, చూడగలరు.

సమాధానం: మీ మాస్టారు మంచి మాటే సూచించారు. కారణమే తప్పు చెప్పారు. ఆ సంగతికి వచ్చే ముందు మిగతా రెండు మాటల పని చూద్దాం.

‘అపరాధ పరిశోధకుడు’ పుస్తకం అట్ట మీద బాగానే ఉంటాడు. 1757లో ఒక పాత్ర నోట ఆ మాట పలికిస్తే నవ్వొస్తుంది. అపరాధమన్న మాట ఇవాళ జనం నోట మిగిలిందల్లా అపరాధ రుసుములోనే. మీ కథానాయకుణ్ణి చూసి, గ్రంథాలయం పుస్తకం ఆలస్యంగా తెచ్చినవాళ్ళ కోసం తిరిగే గుమాస్తా అనుకుంటారు. ‘డిటెక్టివ్’ను కథలోకి రానివ్వలేదు, మంచి పని చేశారు. ఆ రోజుల్లో ఆ మాట ఇంగ్లీషువాళ్ళకే లేదు. లండన్ పోలీసుల్లో ఆ పేరుతో ఒక శాఖ ఏర్పడిందే 1842లో.

ఇక గూఢచారి. గూఢంగా సంచరించేవాడు గూఢచారి. మీవాడు గూఢంగా ఉన్నదాన్ని బయటికి లాగేవాడు. ఒకడు దాక్కుంటాడు, ఇంకొకడు దాచినదాన్ని వెతుకుతాడు. ఇద్దర్నీ ఒకే గాట కట్టడం మన టీవీవాళ్ళ పుణ్యం.

ఇప్పుడు వేగు. దీనికీ సంస్కృత ‘వేగా’నికీ చుట్టరికం లేదు. మన మాటకు పుట్టిల్లు తెలియనప్పుడల్లా సంస్కృతం గడప తొక్కడం మనకొక అలవాటు. ఒక్కసారి పక్కింట్లోకి తొంగిచూస్తే చాలు. తమిళంలో గూఢచర్యాన్ని ‘వేవు’ అంటారు. ‘వేవు పార్’ అంటే వేగు చూడు అని. కన్నడంలో అదే ‘బేహు’, ఆ పని చేసేవాడు ‘బేహుగార’. మన వకారం కన్నడంలో బకారం కావడం మామూలే. మన వేట వాళ్ళకు బేటె, మన వేరు వాళ్ళకు బేరు, మన వెల వాళ్ళకు బెలె. అలాగే మన వేగు వాళ్ళ బేహు. సంస్కృత వేగమే మూలమైతే తమిళంలో ఆ వకారం, కన్నడంలో ఆ హకారం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? ఈ ముగ్గురూ ఒక తల్లి పిల్లలు. తెలుగువాడి వేగు పరుగెత్తి వార్త తెచ్చినవాడు కాడు, కళ్ళు పెట్టుకు చూసినవాడు. పాత తెలుగులో ఆ పనీ వేగే, తెచ్చిన వార్తా వేగే. మనిషిని వేగులవాడు అన్నారు.

తెల్లవారే వేగు వేరే మాట. మన వైపు ‘ఏగుసుక్క’ అంటామే, అది. నూనెలో వేగేది, ‘వీడితో వేగలేకపోతున్నాను’ అనేది ఇంకొకటి. వాటి జోలికి ఇప్పుడు పోను.

ఇంతవరకు మీ మాస్టారి మాటకు ఓటు వేశాను. నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. వేగులవాడు యుద్ధానికి ముందు పనిచేసేవాడు. శత్రువు దండు ఎంత, గుర్రాలెన్ని, కోటకు నీళ్ళు ఎటునుంచి వస్తాయి, అన్నీ ముందే చూసి రాజుకు చెప్పాలి. మీవాడు యుద్ధం ముగిశాక పనిలోకి దిగుతున్నాడు. వేగు జరగబోయేదాని కోసం చూస్తాడు, మీవాడు జరిగిపోయినదాని జాడ చూడాలి. ఇద్దరి చూపూ ఒకటేనా?

ఈ ప్రశ్నకు జవాబు విరాటపర్వంలో ఉంది. తెలుగులో తొలి డిటెక్టివ్ కథ విరాటపర్వమేనని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, వినేవాళ్ళు లేరు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, తిక్కన ఆ శేషాన్ని వదిలేసి విరాటపర్వంతో ఎందుకు మొదలుపెట్టాడని పండితులు రకరకాల కారణాలు చెబుతారు. నా అనుమానం నాది. నెల్లూరి మనుమసిద్ధి దగ్గర మంత్రిత్వం చేసినవాడికి, వేగులు తెచ్చే కబుర్లలో గట్టి ఎంతో పొల్లు ఎంతో తెలియదా? తన పనికి దగ్గరగా ఉన్న కథ కనిపించింది, పట్టుకున్నాడు.

కథ మీకు తెలిసిందే. అజ్ఞాతవాసం చివరికొస్తోంది. దుర్యోధనుడి వేగులు దేశమంతా గాలించి, పాండవులు ఎక్కడా లేరని వచ్చి చెప్పారు. పోతూ పోతూ ఒక చిన్న వార్త వదిలారు: మత్స్యదేశంలో కీచకుణ్ణి రాత్రివేళ ఎవరో గంధర్వులు చంపేశారట, ఒక ఆడమనిషి మూలంగానట. అసలు ఆనవాలు అదే. కాళ్ళూ చేతులూ తలా మొండెంలోకి కుక్కి ముద్ద చేసిన శవం అది. అలా చంపడానికి ఎంత బలం కావాలి, ఆ బలం ఎవరికుంది అన్న ఆలోచన ఆ వేగులకు రాలేదు. వాళ్ళు చూశారు, విన్నారు, మోసుకొచ్చారు. దాన్ని చదివినవాడు సభలో కూర్చున్న దుర్యోధనుడు. అంత బలమంటే భీముడే అనుకున్నాడు, కాబట్టి ఆ ఆడమనిషి ద్రౌపది.

భీష్ముడిది ఇంకో దారి. ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకు కురుస్తాయి, పంటలు పండుతాయి, ఆవులు నిండుగా పాలిస్తాయి, అలాంటి దేశం ఎక్కడుందో చూడండి అన్నాడు. మనిషి కనబడకపోతే మనిషి ఉన్నచోటు ఎలా ఉంటుందో వెతకమన్నాడు.

ఈ ఘట్టం నాకు బడిలో అర్థం కాలేదు. మాదీ బొబ్బిలికి దగ్గర పల్లే. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివించడం మన ఊళ్ళలో పాత ఆచారం. నా చిన్నప్పుడు ఒక ఏడు ఆకుమళ్ళు ఎండి నెర్రెలు విచ్చాయి. రామకోవెల అరుగు మీద పెట్రోమాక్స్ లైటు, దాని చుట్టూ పురుగులు, ఎదురుగా గోనెపట్టాల మీద ఊరంతా. పురాణం చెప్పే ఆయన భీష్ముడి మాటలు విడమరిచి చెబుతుంటే, ముందు వరసలో చుట్ట కాలుస్తున్న ఒక ముసలమ్మ ఆపింది. “ఉండు బాబూ. ఆళ్ళున్నకాడ వాన కురుస్తాదన్నాడా ఆ ముసిలాయన? మరి మనూర్ల సినుకే నేదు కదా. అయితే ఆళ్ళు మనూర్ల నేరన్నమాట!” జనం ఘొల్లున నవ్వారు. పురాణం చెప్పే ఆయన నవ్వలేదు. తాటాకు విసనకర్ర కింద పెట్టి, “ఈ అమ్మ దుర్యోధనుడి కొలువులో ఉంటే పాండవులు మళ్ళీ అడవికి పోవలసిందే” అన్నాడు. ఆ వారం వాన పడిందో లేదో గుర్తులేదు గానీ ఆ ముసలమ్మ మాట మరిచిపోలేదు.

ఆమె చేసిన పనికి మన పల్లెల్లో మంచి మాట ఉంది: పసిగట్టడం. ఇక్కడి ‘పసి’ పసిపిల్ల కాదు, వాసన. గాలిలో తేలి వచ్చే వాసనను బట్టి జంతువు మనిషి రాకను తెలుసుకోవడం పసిపట్టడం. మనుషులకు ఆ మాట తర్వాత అంటించాం. పసి అంటే ఆలమంద కూడా. కౌరవులు భీముణ్ణి పసిగట్టి విరటుడి పసులను పట్టడానికి వచ్చారని నేను క్లాసులో అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు అదే మాట అంటే అర్థం చెప్పమంటున్నారు.

కాబట్టి వేగులవాడు సగం డిటెక్టివ్. మిగతా సగం పసిగట్టేవాడు. రెండూ కలిసిన ఒక్క మాట కోసం చాలాకాలం వెతికాను. నాకు తృప్తినిచ్చేది దొరకలేదు, కొత్తగా పుట్టించే ధైర్యమూ లేదు. మీది నవల కాబట్టి మీకో వెసులుబాటుంది. కథానాయకుణ్ణి యుద్ధంతో పని పోయిన వేగులవాణ్ణి చేయండి. జనవరి 24న కోట పడిపోయింది. లోపల ఆడవాళ్ళూ పిల్లలూ దాదాపు మిగలలేదు. మూడో రాత్రికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపాడని మన వాళ్ళు కథగా చెప్పుకుంటారు. ఇటు రాజూ లేడు, అటు రాజూ లేడు. ఇక వేగులవాడు తెచ్చిన వార్త ఎవరికి చెప్పుకోవాలి? అలాంటివాడు చెరువు గట్టు మీద ఒక శవాన్ని చూసి, పాత అలవాటు మానుకోలేక ఆరా తీశాడంటే నేను నమ్ముతాను. కొలువులో మనిషిగా పేర్కొన్నప్పుడు వేగులవాడు అనండి. ఊరివాళ్ళు ‘పసిగట్టేస్తాడు వాడు’ అనుకుంటారు. దొరల వైపు మనిషైతే హర్కారా అనవచ్చు, అది పారసీ మాట, అన్ని పనులూ చేసేవాడని అర్థం. ఊళ్ళో కావలి మనిషైతే తలారి. పట్నంలో అయితే కొత్వాలు. వీటిలో ఏది వాడినా నేను అభ్యంతరం చెప్పను. ఇదే సరైనదని ముద్ర కూడా వేయను.

మీ మొదటి అధ్యాయం గురించి రెండు ముక్కలు. ‘దర్యాప్తు చేపట్టబడింది’ అని రాశారు. ఎవరు చేపట్టారు బాబూ? ఆ ‘బడు’ను చెరువులో పడేయండి, బంటుకు తోడుగా ఉంటుంది. దర్యాప్తు అనే పారసీ మాటకు అక్కడ దొరకడం, తెలియడం అని అర్థం. మన దగ్గరేమో దొరకనన్నాళ్ళూ సాగేదే దర్యాప్తు. మాట తప్పనడం లేదు, చిత్రం చెబుతున్నాను. ‘హత్య రహస్యాన్ని ఛేదించాడు’ అనీ రాశారు. ఛేదించడం అంటే నరకడం. రహస్యాన్ని నరికితే రెండు రహస్యాలవుతాయి. పత్రికలవాళ్ళు రోజూ నరుకుతూనే ఉన్నారు, మీరైనా ముడి విప్పండి.

అంతకంటే పెద్ద చిక్కు పదకొండో పేజీలో ఉంది. కత్తి పిడి మీది వేలిముద్రతో మీవాడు ఒకణ్ణి అనుమానించాడు. చదువురానివాడు కాగితం మీద నిశానీ పెట్టడం పాతదే. వేలిగీతలతో నేరస్థుణ్ణి గుర్తుపట్టే శాస్త్రం మాత్రం మన దేశంలో కుదురుకున్నది ఆ యుద్ధం తర్వాత నూట నలభై ఏళ్ళకు. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టింది 1897లో. వేలిముద్ర తీసేసి, పిడికి అంటిన ఆముదం వాసన పెట్టండి. ఏ చేతికి ఆముదం అంటుతుందో మీవాడు పసిగడతాడు. డేరా ముందు దివిటీలు ఆరిపోయాయని మొదటి అధ్యాయంలోనే రెండుసార్లు రాశారు మరి. హంతకుడు దివిటీవాడే కదా?