హైస్కూల్లో చదివిన లెక్కలు పెద్దయ్యాక ఎక్కడ పనికొస్తాయి?

ముందుగా ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టే రోజున పనికొస్తాయి. మన ఊళ్లలో వడ్డీని ‘నూటికి రెండు రూపాయలు’ అంటారు. వినడానికి చిన్నదే, కానీ అది నెలకు. అంటే ఏడాదికి 24 శాతం. లక్ష అప్పుకు మూడేళ్లలో వడ్డీయే 72,000.

అసలు చిక్కు ఆ తర్వాతే. నోటుకు మూడేళ్లే కాలపరిమితి కాబట్టి, గడువు దాటకముందే తిరగరాయిస్తారు. అప్పుడు వడ్డీని అసలులో కలిపి 1,72,000కు కొత్త నోటు రాస్తే, ఎనిమిదో తరగతిలో చదివిన చక్రవడ్డీ అక్కడే మొదలవుతుంది. ఆరేళ్లకు బారువడ్డీ లెక్కన 2,44,000 కట్టాల్సింది కాస్తా 2,95,840 అవుతుంది. ఈ 51,840 తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, అడగడానికి మొహమాటపడి కట్టేసే కుటుంబాలను తలుచుకుంటే బాధేస్తుంది. సంతకానికి ముందు కాగితం మీద ఆ గుణకారం ఒక్కసారి వేసి చూడండి.

భౌతికశాస్త్రమూ అంతే. 2,000 వాట్ల గీజర్ అరగంట వాడితే ఒక యూనిట్. కరెంటు బిల్లు అర్థమవడానికి ఆ ఒక్క పాఠం చాలు.

తెలుగు పరీక్షలో రాసిన లేఖ కూడా వృథా కాదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలన్నా విషయం సూటిగా రాయడం రావాలి కదా.