మీ ప్రశ్నలు – మా జవాబులు: గంజాయిలో మత్తు రకాలు, మందు రకాలు

ప్రశ్న: సార్, నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నా. అమెరికాలో ఉండే మా కజిన్ అక్కడి షాపుల్లో గంజాయి బోలెడు రకాలు దొరుకుతాయని, మత్తుకి వేరే, ఫిట్స్‌కి వేరే అని చెప్తున్నాడు. మొక్క ఒకటే కదా, ఇన్ని రకాలు ఎలా తీస్తున్నారు?
– ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: మొక్క ఒకటేనమ్మా, తేడా అంతా ఆడ పూల మీదుండే జిగురు గ్రంథుల్లో ఉంది. లెన్స్ పెట్టి చూస్తే సన్నటి కాడ, దాని మీద గుండ్రటి బొట్టు కనబడతాయి. ఆ బొట్టులో ముందు సీబీజీఏ అనే పదార్థం తయారవుతుంది, దాన్ని ఒక ఎంజైమ్ టీహెచ్‌సీ వైపు తీసుకెళ్తే ఇంకో ఎంజైమ్ సీబీడీ వైపు తీసుకెళ్తుంది. మత్తెక్కించేది టీహెచ్‌సీ, సీబీడీతో ఆ మత్తు రాదు. డి మైయర్ అనే శాస్త్రవేత్త టీమ్ 2003లో ఏం చూపించిందంటే, టీహెచ్‌సీ రకాన్నీ సీబీడీ రకాన్నీ క్రాస్ చేస్తే మొదటి తరం మొక్కలన్నిట్లో రెండూ కలిసే వచ్చాయి, వాటి తర్వాతి తరంలో మాత్రం టీహెచ్‌సీవి, రెండూ ఉన్నవి, సీబీడీవి 1:2:1 గా విడిపోయాయి. మీరు జెనెటిక్స్ పరీక్షలో రాసే నిష్పత్తే!

అంటే ఏ వైపు వెళ్ళాలన్నది తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు, అసలు పని ఆ తర్వాతే. ఇందులో ఆడ మొక్క వేరు మగ మొక్క వేరు, పుప్పొడేమో గాల్లో ఎగిరిపోతుంది కాబట్టి పక్క చేలో ఇంకో రకం ఉంటే శ్రమంతా పాడవుతుంది. పైగా మగదాని దగ్గర కొలవడానికి ఆ పూల దిగుబడే ఉండదు కాబట్టి దాని పిల్లల్ని పెంచి చూస్తేగానీ అది మంచిదో కాదో తెలీదు. అంత చేసి ఒక మంచి మొక్క దొరికాక కూడా విత్తనం నాటితే అదే గుణం వస్తుందన్న గ్యారంటీ లేదు, బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే రాదు కదా, అలాగే. అందుకే తల్లి మొక్కని ఉంచుకుని కొమ్మ ముక్కల నుంచే మిగతావన్నీ పెంచుతారు. నెదర్లాండ్స్ మందుల షాపుల్లో అమ్మే బెడ్రోకాన్ ఇలా పెంచిందే, ప్రతి డబ్బాలో టీహెచ్‌సీ 22 శాతం దగ్గరే ఉండేలా చూస్తారు.

నాకు బాధగా అనిపించేది మత్తు కోసం జరిగిన బ్రీడింగ్ సంగతి. 1970ల్లో కాలిఫోర్నియాలో ఆఫ్ఘన్, మెక్సికో, కొలంబియా రకాల్ని కలిపి స్కంక్ నంబర్ 1 తీశారు, అది నెదర్లాండ్స్ వెళ్ళి అక్కణ్ణించి చాలా చోట్లకి పాకింది. తర్వాత్తర్వాత అందరూ టీహెచ్‌సీ శాతం వెనకాలే పడ్డారు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న సరుకు శాంపిల్స్‌లో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2014కి 12 శాతం, సీబీడీ మాత్రం దాదాపు మాయమైపోయింది. ఎవరూ అడగని గుణం కాబట్టి ఎవరూ కాపాడలేదు, మందుకి పనికొచ్చింది అదే! కొలరాడోలో స్టాన్లీ అన్నదమ్ములు తీసిన సీబీడీ రకానికి మత్తు లేదని మొదట్లో ‘హిప్పీల నిరాశ’ అనే పేరుండేది, డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన ఫిట్స్ జబ్బుతో వారానికి 300 దాకా ఫిట్స్ వచ్చే షార్లెట్ ఫీగీ అనే పాపకి దాని నూనెతో బాగా తగ్గాకే లోకం అటు చూసింది. ఆ రకానికి ఆ పాప పేరే పెట్టారు.

ప్రశ్న: మన దగ్గర రైతులు ఇలాంటి మందు రకాలు వేసుకోవచ్చా?
– ఒక రైతు, నర్సీపట్నం

జవాబు: సొంతంగా అస్సలు వద్దండి. మత్తుమందుల్ని అదుపు చేసే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన జైలు శిక్ష, లక్ష దాకా జరిమానా. చేలో ఉన్నది మందు రకమే అన్నా కేసు ఆగదు. ఉత్తరాఖండ్‌లో 2018లో లైసెన్స్ ఇచ్చింది టీహెచ్‌సీ 0.3 శాతం దాటని నార రకానికి, మందు కోసం రీసెర్చ్ జమ్మూలోని సీఎస్ఐఆర్ సంస్థలో జరుగుతోంది. ఎవరైనా విత్తనాలిస్తాం, పంట మేమే కొంటాం అని వస్తే నమ్మకండి.

ప్రశ్న: మా అక్క కొడుక్కి ఆరేళ్ళు, ఫిట్స్ వస్తాయి. ఆన్‌లైన్‌లో సీబీడీ నూనె చూశాం, తెప్పించి వాడొచ్చా?
– ఒక చెల్లెలు, ఖమ్మం

జవాబు: మీ ఆరాటం అర్థమైందమ్మా, కానీ డాక్టర్‌కి చెప్పకుండా ఒక్క చుక్క కూడా వెయ్యకండి. సీబీడీ పనిచేస్తుందన్న మాట నిజమే. 2017లో డ్రావే సిండ్రోమ్ ఉన్న 120 మంది మీద ట్రయల్ జరిగితే, సీబీడీ తీసుకున్నవాళ్ళలో నెలకి సుమారు 12 వచ్చే ఫిట్స్ 6 దగ్గరికి తగ్గాయి, 2018 జూన్‌లో ఎపిడియోలెక్స్ అనే సీబీడీ మందుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. కాకపోతే అది ప్రతి మిల్లీలీటర్‌లో ఎంత సీబీడీ ఉందో కొలిచి చేసిన మందు, కొన్ని రకాల ఫిట్స్‌కే అనుమతి ఉంది, ఆన్‌లైన్ సీసాకి ఆ భరోసా లేదు. అమెరికాలోనే ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని టెస్ట్ చేస్తే లేబుల్ మీద రాసిన సీబీడీ మోతాదు 26 వాటిలోనే సరిగ్గా ఉంది, 18 వాటిలో టీహెచ్‌సీ కూడా బయటపడింది. ఇంకో సంగతి, బాబు వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే సీబీడీ తోడైతే లివర్ మీద దెబ్బ పడే ప్రమాదం ఎక్కువ, క్లోబజామ్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడుతుంటే మగత బాగా పెరుగుతుంది. ఇప్పుడు వాడే మందుల చీటీ, ఫిట్స్ వచ్చిన తేదీలు రాసిన కాగితం, వీలైతే ఫిట్ వచ్చినప్పుడు తీసిన ఫోన్ వీడియో పట్టుకుని పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి, బాబుకి ఉన్నది ఏ రకం ఫిట్స్, దానికి సీబీడీ పనికొస్తుందా అని సూటిగా అడగండి. ఇప్పుడు నడుస్తున్న మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.